మా నాయన ఆర్పిన కర్పూరం

పగ పట్టడం మంచిది కాదని పెద్దలు చెబుతారు. ఆ చెప్పేవాళ్ళలో చాలామందికి పగ పట్టేంత ఓపిక ఉండదు, అది వేరే సంగతి. నాకు ఉంది. ఒకే మనిషి మీద ఏళ్ళ తరబడి, పని ఒక్క పూట ఎగ్గొట్టకుండా, ఒక్క మాట ఎదురు చెప్పకుండా, నిమ్మకు నీరెత్తినట్టు ఉండి పగ తీర్చుకున్నాను. దాని గురించి ఈరోజుకీ నాకు చింత లేదు. పైపెచ్చు తలచుకున్నప్పుడల్లా ఇంకో ముద్ద ఎక్కువ దిగుతుంది.

ఆ మనిషి మా ఫ్యాక్టరీ యజమాని. మేమంతా సావుకారు అనేవాళ్ళం. చింతామణిలో వాళ్ళది పాత వ్యాపారస్థుల కుటుంబం, తాతల నాటి నుంచి నూనె మిల్లు, మండీ. రెండువేల సంవత్సరం దాటాక బెంగుళూరు పెద్ద కంపెనీలకు చిన్న చిన్న ఇనుప సామాన్లు చేసిచ్చే షాపులు మా వైపూ లేవడం మొదలైంది. అది చూసి ఆయనా చిక్కబళ్ళాపురం బయట ఒక షెడ్డు వేసి, ఎక్కడో మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి కంప్యూటరుతో నడిచే లేత్ మిషన్లు కొనుక్కొచ్చాడు. మిషన్లు లారీలో వచ్చాయి కాని వాటిని నడిపేవాళ్ళు లారీలో రారు కదా. నూనె గానుగ దగ్గర మనిషిని నిలబెట్టినట్టు వీటి దగ్గరా నిలబెడితే చాలనుకున్నాడు. ఇప్పుడా షెడ్డును ఎవరో అద్దెకు తీసుకుని ద్రాక్షపండ్ల పెట్టెలు పెట్టుకుంటున్నారు.

నాది కర్ణాటకలో తెలుగు మాట్లాడే బాగేపల్లి తాలూకా, పాతపాళ్య పక్క పల్లె. వానను నమ్ముకుని చెనక్కాయలు వేసుకునే ఇల్లు మాది. ఐటీఐ చదివి, బెంగుళూరు పీణ్యలో కొన్నేళ్ళు చేతులు కాల్చుకుని పని నేర్చుకున్నాను. ఇంటికి దగ్గరవుతుందని సావుకారు షాపులో చేరాను. నేను చేరేటప్పటికి ఆ మిషన్ల మీద గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పి, శుభ్రం చేసి, పోయిన భాగాలు వెతికి తెచ్చి, నడిపించాను. అవి తిరగడం మొదలుపెట్టినరోజు సావుకారు నా భుజం తట్టి, మా ఇంటి పిల్లోడప్పా నువ్వు, అన్నాడు. ఆ మాటకు నేను నిజంగానే పొంగిపోయాను. అప్పటికి నాకింకా తెలియదు, వ్యాపారస్థుడు ఇంటి పిల్లోడు అన్నాడంటే నెల సంబళం పెంచడని.

కొన్నాళ్ళకు దేవనహళ్ళి పక్క కొత్తగా వచ్చిన ఒక పెద్ద కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. నేను సినిమాల్లో కూడా చూడని మిషన్లు వాళ్ళ దగ్గరున్నాయి. వాటి మీద చెయ్యి వేయాలని మనసు లాగింది. చెప్పకుండా పోవడం మర్యాద కాదని సావుకారు దగ్గరకు వెళ్ళి, వచ్చే నెలలో పోతాను, ఈలోగా ఇంకొకరికి పని అప్పజెబుతాను అన్నాను. ఆయన నవ్వి, మంచిదప్పా, చూద్దాం, అన్నాడు. నేను ఆ నవ్వును నమ్మాను.

మరుసటిరోజు టీ వేళకు మా నాయన షెడ్డు గేటు దగ్గర కనిపించాడు. చంకలో పచ్చి చెనక్కాయల మూట, మొహంలో గాభరా. మీవాని సంగతి మాట్లాడాల, రా, అని సావుకారు మా ఊరి అంగడి ఫోనుకు కబురు చేయించాడట. మిషనులో నా చెయ్యేమన్నా పడిందేమోనని ఆయన మొదటి బస్సుకే బయలుదేరాడు. ముందు నా చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసుకున్నాడు. ఆ తర్వాత, సావుకారు ఇంటికని తెచ్చిన మూటను ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే, ఆ చెప్పుల దగ్గర పెట్టప్పా అన్నాడు సావుకారు.

లోపల పెద్ద మిషను ముందు దేవుడి పటాల దగ్గర పళ్ళెంలో కర్పూరం సిద్ధంగా ఉంది. పనివాళ్ళందరినీ చుట్టూ నిలబెట్టారు. సావుకారు కుర్చీలో కూర్చున్నాడు. మా నాయన నిలబడ్డాడు.

"ఏమప్పా, మీవాడు మమ్మల్ని వదిలి పోతాండాడంట. నీకు తెలుసునా?" అన్నాడు సావుకారు.

"తెలీదు సావుకారూ."

"పని నేర్పినోళ్ళం మేము. అన్నం పెట్టినోళ్ళం మేము. నేర్చుకున్నాక ఎగిరిపోతే న్యాయమా? పెద్దోడివి, నువ్వే చెప్పు."

మా ఊళ్ళో ఏ తగువు వచ్చినా మా నాయనను పిలుస్తారు. న్యాయమా అని అడిగితే తప్పించుకునే మనిషి కాదాయన. సావుకారుకు ఆ సంగతి ఎవరో చెప్పే ఉంటారు.

"నేర్పింటే పోగూడదు," అన్నాడు మా నాయన.

"నాయనా, వీళ్ళు నాకు..." అని నేను నోరు తెరిచాను.

"పెద్దోళ్ళు మాట్లాడేటప్పుడు నడమ రావద్దప్పా," అన్నాడు సావుకారు నావైపు చూడకుండానే. మా నాయన కూడా నన్ను ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు.

"అట్లయితే మీవాడు మమ్మల్ని వదిలి పోడని కర్పూరం ఆర్పి చెప్పు."

మా వైపు కర్పూరం వెలిగించి, దేవుడి ముందు అరచేత్తో ఆర్పి మాటిస్తే ఇక దానికి తిరుగు లేదు. స్టాంపు కాగితం మీద సంతకం పెట్టి తప్పినవాళ్ళను చూశాను కాని కర్పూరం ఆర్పి తప్పినవాణ్ణి మా పల్లెల్లో చూడలేదు. మా నాయన చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, మంట మీద అరచెయ్యి అదిమాడు. మావాడు పోడు, అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో కొందరు తలలు దించుకున్నారు. సావుకారు లేచి అందరికీ టీ తెప్పించాడు.

బస్టాండుకు నడిచి వెళ్ళేటప్పుడు మా నాయన అడిగాడు.

"ఈ మిషన్ల పని వాళ్ళేనా నీకు నేర్పింది?"

"కాదు నాయనా. పీణ్యలో నేర్చుకునొచ్చి వాళ్ళ మిషన్లు నేనే నడిపిచ్చినా."

"ఆడనే చెప్పుండొచ్చు గదరా."

"చెప్పనిచ్చినారా మీరిద్దరూ?"

ఆయన బస్టాండులో బెంచీ మీద కూర్చుని అరచెయ్యి చూసుకున్నాడు. నడిమధ్యలో బొబ్బ లేస్తోంది.

"మాటయితే ఇచ్చేసినా," అన్నాడు చివరికి. "ఇంగ నువ్వుగా పోతే నా మాట పోతాది. పని చెడగొట్టి తరిమిచ్చుకున్నా పోయినట్టే. మాట తీసుకున్నోడు తన నోటితో తిరిగియ్యాల. అందాకా నువ్వాడ్నే ఉండు."

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, తల బయటికి పెట్టి ఇంకో మాట అన్నాడు. "చెనక్కాయల మూట మీద ఎవరో చెప్పులిడిసినార్రా."

దేవనహళ్ళి ఉద్యోగం పోయినందుకు నాకు బాధ ఉంది. కాని ఒంట్లో మంట పుట్టించింది అది కాదు. కొత్త పంటలోంచి ఏరి, కడిగి, శుభ్రమైన గుడ్డలో కట్టి తెచ్చిన మూట మీద చెప్పుల మట్టి. అది మా నాయన చూశాడు, చూసి కూడా లోపల నిలబడి మాటిచ్చాడు. ఆ బస్సు మలుపు తిరిగేలోపల నేను ఒకటి అనుకున్నాను. సావుకారు తన నోటితోనే నన్ను పొమ్మనాలి. అది కూడా షెడ్డులో నాతో కాదు, మా నాయనతో, మా ఇంటి ముందర. పొమ్మనలేక పొగబెట్టడం లోకంలో అందరికీ తెలిసిన విద్యే. పొమ్మనిపించుకోవడానికి పొగబెట్టడం నేను కనిపెట్టాను.

మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. పనిమంతుడు పని దాచుకుంటాడు. మిషను సెట్టింగు చేసేటప్పుడు వీపు తిప్పి నిలబడతాడు, పక్కవాడికి వేళ్ళు కనబడనివ్వడు. నాకూ అలాగే వీపు తిప్పారు, నేనూ అలాగే తిప్పాను. ఆ రోజు నుంచి వీపు తిప్పడం మానేశాను. పక్కనున్నవాళ్ళను దగ్గరకు పిలిచి, ఇదిగో ఇది ఇట్ల, దీన్ని తాకితే అది అట్ల, అని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు నేర్పడం మొదలుపెట్టాను. ఊడ్చేవాడికీ నేర్పాను. సావుకారు దూరం నుంచి చూసి మురిసిపోయాడు. కర్పూరం ఎట్ల పనిచేసిందో చూసినావా, అని తన బావమరిదితో అనడం నా చెవులారా విన్నాను.

ఒక్కొక్కడూ పని పట్టుకుని సొంతంగా మిషను నడపగలడు అనిపించినప్పుడు, మెయిన్ రోడ్డు మీదున్న రూపాయి డబ్బా ఫోనులో పీణ్యలోని నా పాత స్నేహితుడికి చెప్పేవాణ్ణి. వాడి కంపెనీలో, వాడికి తెలిసిన కంపెనీల్లో మనుషుల కోసం మొహం వాచి ఉన్నారు. ఆదివారం వెళ్ళి చూసి రారా, అని మావాడికి చెప్పేవాణ్ణి. అంతే. వెళ్ళినవాడు సోమవారం వచ్చి తన పానాలు, కొలబద్దలు సర్దుకునేవాడు. నేను మాత్రం నా మిషను దగ్గర నిలబడి పాట పాడుకునేవాణ్ణి.

మొదట ఒకరిద్దరు పోయినప్పుడు సావుకారు పట్టించుకోలేదు. ఇంకొందరు పోయాక బోర్డు రాయించి బస్టాండులో కట్టించాడు. కొత్తవాళ్ళు వచ్చారు. నేర్పాను. పోయారు. ఎవరో వాస్తు మనిషి, గేటు దక్షిణానికుంది కాబట్టే జనం నిలవడం లేదన్నాడు. గేటును తూర్పుకు మార్పించాడు. అటువైపు లారీ తిరగడానికి చోటు లేక కొత్త గోడకే రెండుసార్లు గుద్దుకుంది. క్యాంటీనులో కలర్ టీవీ పెట్టించాడు, రిమోటు మాత్రం బావమరిది జేబులో ఉండేది. చింతామణిలో నలుగురిలో చెప్పుకోవడానికి అది కంపెనీ, లోపల మాకు మంచినీళ్ళ కుండకు మూత లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

పేపర్లో ఒకసారి, పని తెలిసినవాళ్ళు దొరకడం లేదని, దొరికినా నిలవడం లేదని పెద్ద పెద్ద కంపెనీలవాళ్ళు గోల పెడుతున్నట్టు వేశారు. సావుకారు ఆ ముక్క కత్తిరించి నోటీసు బోర్డుకు అంటించాడు. చూడండప్పా, దేశమంతా ఇదే కత, మన తప్పేమీ లేదు, అన్నాడు. ఆ తర్వాత బెంగుళూరు నుంచి టై కట్టుకున్న ఒకాయనను పిలిపించాడు. ఆయన మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, మీకు ఇక్కడ ఏం కావాలి, ఎందుకు వెళ్ళిపోతున్నారు, మనసు విప్పి చెప్పండి, అని కన్నడలో మర్యాదగానే అడిగాడు. ఆయన వెనక కుర్చీలో సావుకారు కూర్చుని ఉన్నాడు. అన్నీ బాగున్నాయి సార్, అన్నాం అందరం. నేను ఒకడుగు ముందుకేసి, ఇట్లాంటి యజమాని ఎక్కడా దొరకడు సార్, అన్నాను. అందులో అబద్ధం లేదు.

చివరికి సావుకారు తనకు కలిసొచ్చిన ఉపాయానికే తిరిగి వచ్చాడు. పెద్దవాళ్ళను పిలిపించి మళ్ళీ కర్పూరం వెలిగించాలని. మా నాయన సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి చాలామంది తండ్రులు రాలేదు. సాదలి నుంచి ఒక తల్లి మాత్రం వచ్చింది. భర్త లేని మనిషి, నేను పని నేర్పినవాళ్ళలో అందరికంటే చురుకైనవాడి అమ్మ. మళ్ళీ అదే పళ్ళెం, అదే కుర్చీ, చుట్టూ మేము.

"అమ్మా, నీ కొడుకు మమ్మల్ని వదిలి పోడని కర్పూరం ఆర్పి చెప్పు," అన్నాడు సావుకారు.

"చెప్తానప్పా. ముందు మీరు చెప్పండి," అంది ఆమె.

"నేనేం చెప్పాలమ్మా?"

"ఆర్డర్లు లేకపోయినా, మిషన్లు నిలిచిపోయినా మావాణ్ణి తోలెయ్యకుండా పెట్టుకుంటామని. మీరు ఆర్పినాక నేనూ ఆర్పుతా. చెయ్యేం పెద్దగా కాలదులే."

సావుకారు నవ్వబోయి ఆగాడు. "కంపెనీ అన్నాక ఎప్పుడెట్లుంటాదో ఎవరికి తెల్సమ్మా," అన్నాడు.

"మావానికి మాత్రం ఎట్ల తెల్సప్పా?"

తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడంటారు. ఆమె గొంతు కూడా పెంచలేదు. పళ్ళెంలో కర్పూరం ఎవరూ ఆర్పకుండానే కాలి కాలి అయిపోయింది. కొంగు సర్దుకుని, నాలుగు గంటల బస్సుకు పోవాల నాయనా, అని ఆమె వెళ్ళిపోయింది. ఆ మరుసటి వారమే కొడుకు కూడా. వాణ్ణి పంపడానికి నేను ఫోను దాకా నడవాల్సిన పని పడలేదు. ఇంతకాలం నా కడుపులో ముడి పడి ఉన్నదాన్ని ఆ తల్లి ఒక్క మాటలో విప్పి చూపించింది. మా నాయనకు ఆ మాట ఆరోజు తోచి ఉంటే ఎంత బాగుండేదా అని ఇంటికి పోయేదాకా అనుకుంటూనే ఉన్నాను.

నా పగకు ఒకే ఒక్క మనిషి అడ్డం పడ్డాడు. దిబ్బూరహళ్ళి నుంచి వచ్చే మిల్లింగ్ మిషను ఆయన, నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. ఇంట్లో పట్టుపురుగుల మేపకం. ఎన్నిసార్లు పీణ్య గురించి ఊదినా ఆయన చెవికెక్కలేదు.

"నాకు ఆడొద్దప్పా. పొద్దున పురుగుకు ఆకేసి వస్తాండా, పొద్దుగూకి మళ్ళీ పోయి వేస్తాండా. బెంగుళూరులో నా పురుగులు యాడ పెట్టుకునేది?"

ఈయన ఒక్కడున్నా సావుకారు బండి నడిచిపోతుంది. నాకు లోలోపల ఒళ్ళు మండేది, పైకి ఏమీ అనలేకపోయేవాణ్ణి. ఇంతలో ఆయన పురుగులు పండే వేళ వచ్చింది. పండిన పురుగును గూడు కట్టుకునే చంద్రికల తట్టల మీదకు ఎక్కించే ఆ నాలుగు రోజులు ఇంట్లో ఎన్ని చేతులున్నా చాలవు, ఆలస్యమైతే పంటంతా మట్టి. మధ్యాహ్నం దాకా పనిచేసి పోతాను, తర్వాత ఆదివారాలు వచ్చి తీర్చేస్తాను, అని సావుకారును అడిగాడు. ఊరూరా పట్టుపురుగు మేపే చింతామణి వైపు మనిషికి ఆ సంగతి తెలియక కాదు. అయినా, పురుగులు కావాలో మిషను కావాలో నువ్వే తేల్చుకో, అన్నాడు అందరి ముందూ. అన్న చేతులు కడుక్కుని, తన పనిముట్లు గుడ్డలో చుట్టుకుని, నా దగ్గరకు వచ్చి, తేల్చుకున్నానప్పా, పోయొస్తా, అన్నాడు. తర్వాత శిడ్లఘట్టలో దారం తీసే మిషన్లు రిపేరు చేసే షాపులో చేరాడు. ఆ షాపు యజమానికీ ఇంట్లో పురుగులున్నాయి కాబట్టి ఎవరి పురుగు పండితే వాళ్ళకు అడగకుండానే సెలవు, మా వైపు మాటలో రజ. నేను ఏడాదిగా చేయలేని పని సావుకారు ఒక్క మాటతో చేసి పెట్టాడు. నా పగలో సగం కూలి ఆయనకే రావాలి.

ఆ ఏడు ఆయుధ పూజ వచ్చింది. మా వైపు షాపుల్లో ఆ రోజు ఎవరి పనిముట్లు వాళ్ళు తెచ్చి మిషను ముందు పరచిన గుడ్డ మీద పెడతారు. పూజలో పనిముట్టు పెట్టినవాడు ఆ ఏడంతా ఆ షాపు మనిషే అని లెక్క. అంతకుముందు ఏళ్ళలో గుడ్డ చాలక పక్కన పేపర్లు పరిచేవాళ్ళం. ఈసారి సావుకారు కొత్త పసుపు గుడ్డ తెప్పించి బారుగా పరిపించాడు. పూలహారాలు, బూడిద గుమ్మడికాయలు, బొరుగుల బస్తా, అన్నీ ఎప్పటిలాగే వచ్చాయి. ఆయన ఇంటివాళ్ళు చింతామణి నుంచి కారులో దిగారు, పట్టుచీరల్లో. నేను నా పానాలు, కొలబద్ద తీసుకెళ్ళి గుడ్డకు ఒక మూల పెట్టాను. కొత్తగా చేరిన ఇద్దరు ముగ్గురికి సొంత పనిముట్లే లేవు, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

పూజకొచ్చిన అయ్యవారు కుంకుమ గిన్నె పట్టుకుని ఆ గుడ్డ పొడవునా చూశాడు. ఆయుధాలన్నీ తెచ్చి పెట్టండి, మొదలుపెడదాం, అన్నాడు. ఎవరూ కదల్లేదు. సావుకారు భార్య, అవే లెండి, అంది మెల్లగా. అంత పెద్ద పసుపు గుడ్డ మీద ఒక మూలనున్న నా పనిముట్లకు అయ్యవారు బొట్టు పెట్టుకుంటూ పోతుంటే నాకు కలిగిన సంతోషం దాచుకోవడం కష్టమైంది.

పూజయ్యాక సావుకారు నన్ను పక్కకు పిలిచాడు.

"అందరూ పాయిరి. నువ్వు యాల పోలేదు?"

"మా నాయన కర్పూరం ఆర్పినాడు గదా సావుకారూ."

సావుకారు లెక్క తెలిసిన మనిషి, అక్కడే కూడుకున్నాడు. "వాళ్ళను నువ్వేనా తోలింది?"

"పని నేర్పినా. దావ అడిగితే చెప్పినా. దానికి మా నాయన మాటియ్యలేదే."

కోపంతో ఊగిపోతాడనుకున్నాను, పొమ్మంటాడనుకున్నాను. రెండూ జరగలేదు. మరుసటిరోజు నుంచి నాకు ఇంటి నుంచి క్యారియరు తెప్పించడం మొదలుపెట్టాడు. అప్పుడు నాకు భయం పట్టుకుంది. షాపంతా ఖాళీ చేస్తే పొమ్మంటాడనుకున్నాను గాని, మిగిలిన ఒక్కణ్ణీ ఎవడైనా వదులుకుంటాడా? నా గొయ్యి నేనే తవ్వుకున్నట్టయింది. రోజూ ఆ పప్పు, ఆ చిత్రాన్నం తింటూ, ఇక్కడే ముసలివాణ్ణయిపోతానేమో అనుకునేవాణ్ణి.

నేను చేయగలిగింది ఒకటే, నేర్పడం. కొత్తవాళ్ళను మళ్ళీ దగ్గరకు పిలిచాను. ఇప్పుడు సావుకారు కిటికీలోంచి చూసి మురిసిపోవడం లేదు. నేను ఒకడి చేతికి పానా ఇస్తే చాలు, ఆయన మొహం వాడిపోయేది. నేర్పొద్దనడానికి లేదు, మిషన్లు నిలిచిపోతాయి. నేర్పమనడానికి లేదు, నేర్చుకున్నవాడు పోతాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఒకరోజు నేను ఒక కొత్తవాణ్ణి, నీ పానాలు నువ్వు కొనుక్కోరా అంటుంటే విని, ఆయన అన్నం మధ్యలో లేచిపోయాడు.

ఆ ఆదివారం నేను ఇంటి దగ్గరే ఉన్నాను. చెనక్కాయలు పీకిన రోజులు. అమ్మ, నేను, నాయన ఇంటి ముందు కుప్ప చుట్టూ కూర్చుని కాయలు తెంపుతున్నాం. సావుకారు కారు వీధి మొదట్లోనే ఆగింది, మా సందులోకి పట్టదు. మా నాయన లేచి మంచం వాల్చి, దుప్పటి వేసి, కూర్చోండి అన్నాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. మా నాయన ఎదురుగా బండ మీద కూర్చున్నాడు.

"మీవాడు పోలేదు, నిజమే," అన్నాడు సావుకారు. "కానీ ఇంగెవర్నీ నిలవనియ్యలేదప్పా. ఇంగో మాట కావాల మీది. పిల్లోళ్ళకు పని నేర్పాల, బయటికి తోలగూడదు. మీరు చెప్తే వింటాడు." మా నాయనను మీరు అనడం అదే మొదలు.

"పోడని అడిగినారు. పోలేదు. పని చెడిపినాడా?"

"లేదు."

"చెప్పకుండా రజ పెట్టినాడా?"

"లేదు."

"మాట నిలబడినట్టే గదా." మా నాయన కుప్పలోంచి ఒక చెట్టు తీసుకుని కాయలు తెంపుతూనే ఉన్నాడు. "ఒక చేతి మీద ఒక మాటే సావుకారూ. రెండోది కావాలంటే మొదటిది తిరిగియ్యండి."

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఏళ్ళుగా నేను కాచుకున్నది ఆ మంచం మీద కూర్చున్న మనిషి నోటి దగ్గర ఉంది. కాదని కారెక్కితే నా బతుకు ఆ షెడ్డులోనే. ఆయన నావైపు చూశాడు, కుప్పవైపు చూశాడు, మజ్జిగ చెంబు కింద పెట్టాడు.

"వాడుంటే ఎవరూ నిలవరు," అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. తర్వాత నాతో, "పోప్పా. నీ దావ నువ్వు చూసుకో," అన్నాడు.

"వానికి కాదు, నాకు చెప్పండి. మాటిచ్చింది నేను."

"మీ మాట మీకు ఇచ్చేసినా."

మా నాయన అమ్మవైపు చూశాడు. అమ్మ లోపలికి వెళ్ళి దేవుడి గూట్లోంచి పళ్ళెం తెచ్చి, కర్పూరం వెలిగించి ఆయన ముందు పెట్టింది. సావుకారు ఆ మంటను చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి చాపాడు, వేడి తగలగానే లాక్కున్నాడు. మా నాయన తన అరచెయ్యి తెరిచి చూపించాడు. మచ్చ ఇంకా అలాగే ఉంది. మొదట అట్లే ఉంటాది, గట్టిగా అదిమితే ఏం కాదు, అన్నాడు ఎంతో నెమ్మదిగా. రెండోసారికి మంట ఆరింది.

"ఇంగ ఆ రెండో మాట," అన్నాడు సావుకారు చెయ్యి ఊదుకుంటూ.

"వాడే మీ దగ్గర లేనప్పుడు ఇంగేం మాట సావుకారూ?"

ఆయన లేచాడు. మా నాయన ఉండమని చెప్పి, కుప్పలోంచి మంచి కాయలు ఏరి, మా అమ్మ ఉతికి ఆరేసిన పంచెలో పోసి, ఒక చేత్తో ఎత్తలేనంత మూట కట్టాడు. మా వైపు ఇంటికి వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపరు. మూట ఎత్తి వాళ్ళ బండి దాకా మోసుకెళ్ళి పెట్టడం ఇంటి కొడుకు పని, అది కూడా మా వైపు మర్యాదే. సావుకారు నావైపు చూశాడు. నేను కుప్ప దగ్గర కూర్చుని కాయలు తెంపుతూనే ఉన్నాను. మా నాయన కూడా నన్ను లెమ్మనలేదు.

ఆయన కాసేపు నిలబడి, వంగి, బొబ్బ లేచిన చేతిని తప్పించి మూటను రెండు మోచేతుల మీదకు ఎత్తుకుని, మా సందు పొడవునా కారు దాకా మోసుకుంటూ పోయాడు.